డ్రైవరుకి టీ కాదు, నిద్ర ఇప్పించండి: ఒడిశా రవాణా మంత్రి గారికి బహిరంగ లేఖ

ఒడిశా వాణిజ్య, రవాణా శాఖ మంత్రి శ్రీ బిభూతి భూషణ్ జెనా గారికి నమస్కారాలు.

నేను కోరాపుట్ జిల్లా జయపురంలో లారీ బుకింగ్ ఆఫీసు గుమాస్తాని. మీ గోపాల్‌పూర్‌లో వేటకెళ్లే పడవల మీద వినబడేది తెలుగే కనుక, ఈ ఉత్తరం తెలుగులో రాయడానికి మొహమాటపడటం లేదు.

మీకు ముందున్న ప్రభుత్వం 2023 డిసెంబరులో ఒక మాట చెప్పింది. తెల్లవారుజామున లారీ డ్రైవర్లు కునుకు తీయకుండా ఢాబాల్లో ఉచితంగా టీ ఇప్పిస్తామంది. ఉద్దేశం మంచిదే, కాదనను. కానీ రాత్రంతా స్టీరింగ్ పట్టుకున్న మనిషికి టీ పోస్తే ఇంకో నలభై కిలోమీటర్లు లాగుతాడు, అంతే. ఆ వేళకి అతను ఇంకా రోడ్డు మీద ఎందుకున్నాడని అడిగినవాళ్లు లేరు.

ఎందుకో చెబుతాను. మా దగ్గర కిరాయి మాట్లాడేది ట్రిప్పుకి, గంటకి కాదు. డ్రైవరు బత్తా కూడా అంతే. సరుకు రేపటికల్లా దిగాలని పార్టీ, అంటే సరుకు తాలూకు వ్యాపారి, ఫోను చేస్తాడు, ఓనరు సరేనంటాడు. ఆ మాట నిలబెట్టాల్సింది మాత్రం క్యాబిన్‌లో కూర్చున్నవాడు. విశాఖ పోర్టులో లోడింగు కోసం పగలంతా లైనులో ఉంటాడు. లైను ఉండుండి నాలుగడుగులు కదులుతుంది గనక పడుకోడానికీ లేదు. పొద్దుగూకాక కాటా అయి, కాగితాలు చేతికొస్తే అసలు ప్రయాణం అప్పుడు మొదలు. సాలూరు దాటాక సుంకి ఘాట్, మలుపు మలుపుకీ గేరు. తర్వాత పొట్టంగి, కోరాపుట్, జయపురం, బొరిగుమ్మ, కోట్‌పాడ్, ఆపైన బస్తర్ అడవి. విశాఖ నుంచి రాయపూర్ ఐదొందల కిలోమీటర్లు పైమాటే. మధ్యలో ఒళ్లు వాల్చాలంటే బండి ఆపే చోటేది? రోడ్డు వారన ఆపితే డీజిలు దొంగల భయం.

చట్టం లేక కాదు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకి 8 గంటలు, వారానికి 48 గంటలు అంది. దూర ప్రయాణాలకి సడలించినా రోజుకి 10, వారానికి 54 దాటకూడదంది. ఐదు గంటలు నడిపాక కనీసం అరగంట విరామం, ఒకనాటి పనికీ మర్నాటి పనికీ మధ్య 9 గంటల విశ్రాంతి ఉండాలంది. ఆ చట్టాన్ని ఇప్పుడు 2020 నాటి కార్మిక భద్రతా కోడ్‌లో కలిపేశారు. ఐదుగురు పనివాళ్లుంటేనే ఆ పాత చట్టం వర్తిస్తుందని ఒకటి రెండు లారీల ఓనర్లు తప్పుకునేవారు. కానీ మోటారు వాహనాల చట్టం 91వ సెక్షన్ రవాణా బండి నడిపే ఎవరికైనా అవే గంటలని పెట్టింది. ఇంత ఉన్నా, లారీ ఆపి "ఎప్పుడు బయల్దేరావు?" అని అడిగిన అధికారిని నేను చూడలేదు. ఓవర్‌లోడు అడుగుతారు, పర్మిట్ అడుగుతారు, ఇంకేవేవో అడుగుతారు, అవి ఇక్కడ రాయను.

పైగా నేషనల్ పర్మిట్ లారీకి ఇద్దరు డ్రైవర్లుండాలన్న నిబంధనని కేంద్రం 2018లో తీసేసింది. అది ఉన్నరోజుల్లోనూ రెండోవాడు చాలాసార్లు కాగితం మీదే ఉండేవాడనుకోండి. అయినా నిలదీయడానికి ఆ కాగితమైనా ఉండేది.

కొత్త యంత్రాలేవీ కొనక్కర్లేదు. 2025 ఫిబ్రవరి నుంచి టోల్ గేట్ల దగ్గర మీ ఈ-డిటెక్షన్ అనే కంప్యూటర్ ఏర్పాటు, ఇన్సూరెన్స్ లేని బండిని పట్టి చలాను పంపుతోంది. ఏ లారీ ఏ గేటు ఎన్నింటికి దాటిందో ఫాస్టాగ్‌లో ఉంటుంది. తెలియనిదల్లా లోపల ఎవరున్నారన్నదే. సరుకు రవాణాకి ఆన్‌లైన్లో తీసే జీఎస్టీ కాగితం, అదే ఈ-వే బిల్లు, దాని రెండో భాగంలో లారీ నంబరు రాస్తాం, డ్రైవరు లైసెన్సు నంబరు అడగరు. అదీ అడిగేలా చేయమని ఢిల్లీకి రాయండి. ఒకే లైసెన్సు మీద పది గంటలు దాటిన ప్రయాణం దానంతటదే బయటపడుతుంది. అన్నట్టు, ఆ బిల్లుకి ప్రభుత్వం ఇచ్చే గడువు 200 కిలోమీటర్లకి ఒక రోజు. తొందరంతా పార్టీలదే, సర్కారుది కాదు. కాబట్టి చలాను ఓనరుకీ, తొందరపెట్టిన పార్టీకీ వెళ్లాలి. డ్రైవరు మీద వేస్తే ఆ డబ్బు పూడ్చుకోడానికి ఇంకో ట్రిప్పు ఎక్కువ కొడతాడు.

కిరాయిలు పెరుగుతాయంటారు. పెరుగుతాయి, అబద్ధమెందుకు? ఇప్పుడు ఆ తేడాని డ్రైవరు తన నిద్రలోంచి కడుతున్నాడు.

మన కోరాపుట్ మీదుగా రాయపూర్–విశాఖ ఆరు వరుసల రోడ్డు, సుమారు 465 కిలోమీటర్లు, వస్తోంది. మలుపుల్లేని రోడ్డు మీద కళ్లు ఇంకా తొందరగా మూతలు పడతాయి. లారీలు నిలిపే చోటు, స్నానానికి నీళ్లు, మరుగుదొడ్లు, రాత్రి కాపలా ఆ రోడ్డుతోపాటే కట్టించండి. డ్రైవర్లు 2023 మార్చిలో స్టీరింగ్ వదిలి సమ్మె చేసింది ఇలాంటి వసతుల కోసం కూడా.

అవన్నీ అయ్యేలోపు 26వ నంబరు జాతీయ రహదారి మీద తనిఖీలు చేసే మీ ఆర్టీవోలకి ఒక ఉత్తర్వు ఇవ్వండి. రాత్రి ఆపిన ప్రతి లారీ డ్రైవర్నీ ఎప్పుడు బయల్దేరాడో అడిగి రాసుకోవాలి. గంటలు దాటినవాణ్ణి అక్కడే బండి పక్కకి పెట్టించి పడుకోనివ్వాలి. ఆ ఆలస్యానికి అతని బత్తా కోస్తే ఓనరు జవాబు చెప్పాలి.

ఇట్లు,
లారీ బుకింగ్ గుమాస్తా, జయపురం, కోరాపుట్ జిల్లా