మన జామకాయల దొంగతనం సర్కారు రికార్డుకెక్కింది

ఒరేయ్ కొలతల మాస్టారూ,

నాగుల చవితికి రాస్తానన్న ఉత్తరం కార్తీకం చివర రాస్తున్నాను, తిట్టుకో. అమ్మ మోకాళ్ళు పరవాలేదు. కోతలు మొదలయ్యాయి. చిన్నది నడుస్తోంది. ఇంటి కబుర్లు అయిపోయాయి, అసలు సంగతి విను.

ఈ 2024 అక్టోబరు 16 నుంచి మళ్ళీ ప్రైవేటు మద్యం దుకాణాలు వచ్చాయి కదా, రాష్ట్రమంతా 3,396. మన మండలంలో లాటరీ తగిలినాయన ఎక్కడ పెట్టాడనుకున్నావు? మన బడి వీధి మొదట్లో, పాత ఎరువుల కొట్టులో! దరఖాస్తుకే 2 లక్షలు, తగలకపోతే ఆ డబ్బు తిరిగి రాదు. అంత పోసినవాడు ఊరి చివర పెడతాడా మరి!

గ్రామసభ పెట్టించాం. అంతమంది ఆడవాళ్ళు సభకు రావడం నేనెప్పుడూ చూడలేదు. వద్దని తీర్మానం రాసి శ్రీకాకుళం పట్టుకెళ్ళాం. అధికారి చదివి, మర్యాదగానే, "లైసెన్సుకు పంచాయతీ ఒప్పుకోలు అక్కర్లేదండీ. బడికి వంద మీటర్ల లోపల ఉందంటే చెప్పండి, చూస్తాం" అన్నారు. ఆ కొట్టు ముందు సీసా పెంకులు ఊడ్చాల్సింది పంచాయతీ, దీపం వేయాల్సింది పంచాయతీ. కొట్టు ఉండాలో వద్దో మాత్రం అడగరు. ఒళ్ళు మండిపోయింది.

మొన్న టేపు పట్టుకుని వచ్చారు. దుకాణం గుమ్మం మధ్య నుంచి బడి గేటు మధ్య వరకు, మనుషులు మామూలుగా నడిచే దగ్గరి దారిన కొలవాలట. రోడ్డున తిరిగి వస్తే 117 మీటర్లు. మనం ఏనాడైనా రోడ్డున వెళ్ళామట్రా? మామ్మగారి తోట సందులోంచి కొలవమన్నాను. 91! "ఇది దారి కాదు, సొంత స్థలం" అన్నారాయన. అప్పుడు మామ్మగారు కర్ర పుచ్చుకుని బయటికొచ్చింది. "దారి కాకపోతే నా జామచెట్టు ఖాళీ చేసిందెవరు నాయనా? వీడూ, ఆ పద్దెనిమిది అడుగులు దూకేవాడూ!" నవ్వలేక చచ్చాను. నీ దూకుడు ఇంకా మరిచిపోలేదు ఆవిడ. ఆయన కూడా నవ్వి రెండు అంకెలూ రాసుకున్నారు.

నాకు కుళ్ళుగా ఉందిరా. నువ్వుండే సీతంపేట కొండల్లో మత్తు పదార్థాల అమ్మకాన్ని ఆపే హక్కు గ్రామసభకు ఉండాలని గిరిజన ప్రాంతాల పంచాయతీల కోసం చేసిన 1996 నాటి పెసా చట్టమే చెబుతోంది. కొండ దిగితే అదే సభ మాట చిత్తుకాగితమా? మహారాష్ట్రలో ఊరి ఆడవాళ్ళు ఓటు వేస్తారు. నిలబడ్డ సీసా, పడుకున్న సీసా గుర్తులు. సగానికి పైగా పడుకున్న సీసాకు పడితే కొట్టు మూతే. మీ దగ్గర సభ మాట నిజంగా వింటున్నారా, కాగితం మీదేనా? దాచకుండా రాయి.

అమ్మ మాత్రం పెదవి విరిచింది. "నెల్లూరు ఆడవాళ్ళు సారా వేలంపాట దగ్గరికే వెళ్ళి అడ్డం నిలబడ్డారు. పాట కళ్ళెదుట జరిగేది కాబట్టి ఆపగలిగారు. ఈ లాటరీకి ఎక్కడ అడ్డం పడతారు?" అంది. చిన్నాన్నదేమో ఇంకో పాట. ఇది మూయిస్తే ఇంటింటికీ బెల్టు షాపు వస్తుందని, 1995లో నిషేధం పెట్టినా ఒడిశా సరుకు ఆగలేదని. ఆయన చెప్పిందీ కొట్టిపారేయలేను. అలాగని బడి ముందు... ఏమోరా, రాత్రి నిద్ర పట్టక ఇదే ఆలోచన.

సోమవారం మళ్ళీ రమ్మన్నారు. మామ్మగారు తానూ వస్తానంటోంది, జామకాయల బుట్టతో సహా! ఆవిడను బస్సు ఎక్కించడం ఎలాగో... అయ్యో, మీ వైపు బస్సు వచ్చేసింది, ఉత్తరం తీసుకెళ్ళే పిల్లాడు కేకేస్తున్నాడు. జీడిపప్పు పొట్లం కూడా ఇచ్చాను, లెక్క చూసుకో, వాడు తిం...

నీ జీడిపిక్క