హేవ్‌లాక్ వంతెనకు కొవ్వూరు గట్టు కూడా ఉంది

సంపాదకులకు నమస్కారం.

గోదావరి మీద రాజమండ్రికీ కొవ్వూరుకీ మధ్య ఉన్న పాత రైలు వంతెన, అదే హేవ్‌లాక్ వంతెనను పర్యాటకుల కోసం బాగుచేస్తారన్న వార్త వచ్చినప్పుడల్లా రాజమండ్రి పేరే వినిపిస్తోంది. వేసే ఫొటోలు కూడా అటు గట్టు నుంచి తీసినవే. నేను కొవ్వూరులో పుట్టి, ఇక్కడి బడిలోనే పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. మా నాన్నగారు ఆ వంతెన మీద కీమ్యాన్, అంటే రోజూ పట్టాల వెంట నడిచి బిగింపులు సరిచూసే ఉద్యోగి. అందుకే ఈ ఉత్తరం.

బెజవాడ నుంచి వేసిన రైలుమార్గం 1890లలో గోదావరి దాకా వచ్చి మా ఒడ్డున ఆగింది. వాల్తేరు వైపు నుంచి వచ్చింది రాజమండ్రిలో ఆగింది. మధ్యలో ఏరు. జనం ఇక్కడ దిగి, మూటాముల్లె మోసుకుని, నీళ్ల మీద అవతలికి చేరి మళ్లీ రైలెక్కాలి. 1897 నవంబరులో పని మొదలుపెట్టి, 56 స్పాన్ల (స్తంభానికీ స్తంభానికీ మధ్య భాగాల) వంతెన కట్టి, 1900 ఆగస్టులో రైలు నడిపారు. అప్పటి మద్రాసు గవర్నరు హేవ్‌లాక్ పేరు పెట్టారు. మద్రాసు నుంచి కలకత్తా వెళ్లే బళ్లన్నీ మా ఊరి మీదుగానే పోయాయి. దీనికి ముందు, కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేశాక, మాకు దగ్గర్లోని విజ్జేశ్వరం నుంచి బయల్దేరే కాలవల మీద పడవల్లో సరుకు నడిచేది. మా ఊళ్లోని గోష్పాద క్షేత్రానికి వచ్చే యాత్రికులు, గీర్వాణ విద్యాపీఠంలో సంస్కృతం చదువుకోవడానికి వచ్చే పిల్లలు, వీళ్లందరికీ రైలు దారి తెరిచింది.

నాన్నగారు సుత్తి, స్పానరు, ఎర్రజెండా తీసుకుని తెల్లారకముందే వెళ్లేవారు. పట్టాల మధ్య నుంచి కిందికి చూస్తే నీళ్లే. బండి వస్తే తప్పుకోవడానికి అక్కడక్కడ చిన్న అరుగులుండేవి. వాటి మీద నిలబడితే బండి పోయేదాకా ఒళ్లంతా అదిరిపోతుందని చెప్పేవారు. శ్రావణ భాద్రపదాల్లో ఎర్రనీరు వచ్చినప్పుడు ఆయన ఇంటికి వచ్చేదాకా అమ్మ అన్నం తినేది కాదు. ఒక్కటే లైను. ఆ ఒక్క లైనూ ఆగకుండా నడవడానికి ఎంతమంది అలా ఎండకీ వానకీ నడిచారో! వాళ్ల పేర్లు ఎక్కడా లేవు.

1974లో రోడ్డు కమ్ రైలు వంతెన వచ్చింది. అంతకుముందు పెళ్లిబట్టలకైనా, పెద్దాసుపత్రికైనా ప్యాసింజరో, పడవో దిక్కు. ఆ తర్వాత బస్సెక్కితే చాలు. మాకు ఎంతో మేలు జరిగింది, కాదనను. కానీ మా బజారు బేరాలు మెల్లగా అవతలికి తరలిపోయాయి. 1997లో ఆర్చి వంతెన రావడంతో పాత వంతెన మీద బళ్లు ఆగిపోయాయి. 2015 పుష్కరాల నాటికి నాలుగు వరసల రోడ్డు వంతెన కూడా వచ్చింది. ఇన్ని వంతెనలకు ఒక కొస పట్టుకున్న ఊరు మాది. స్టేషన్లో దిగిన పిల్లవాడికి ఈ సంగతి చెప్పే బోర్డు ఒక్కటైనా ఉంటే బాగుండును.

2027 పుష్కరాలు దగ్గరపడుతున్నాయి. పనులూ, నిధులూ ఇప్పుడే తేలతాయి. వంతెన మీద నడకదారి వేస్తే కొవ్వూరు వైపు నుంచి కూడా ఎక్కడానికి మెట్లు, గేటు పెట్టాలి. వేసవిలో వచ్చేవాళ్ల కోసం నీడా, తాగునీరూ ఉండాలి. స్టేషన్లో ఒక్క గది ఇస్తే చాలు. పాత ఫొటోలు, లాంతర్లు, సుత్తులు, జెండాలు రైల్వే కుటుంబాల ఇళ్లలో ఇంకా ఉన్నాయి. నాన్నగారి స్పానరు నేనే ఇస్తాను. వంతెన మీద పనిచేసినవాళ్లలో కొందరు ఇప్పుడు ఎనభై దాటినవారు. వాళ్ల మాటలు ఫోనులోనైనా రికార్డు చేయడానికి గది కట్టేదాకా ఆగనక్కర్లేదు. మా కాలేజీ విద్యార్థులు ఈ సెలవుల్లోనే మొదలుపెట్టవచ్చు. వాళ్లను ఇంటింటికీ నేను తీసుకెళతాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
కొవ్వూరు, తూర్పు గోదావరి జిల్లా