సెకన్లు లెక్కపెట్టే గడియారం మీద ఫిర్యాదు

నల్లగొండ,
29-09-2025
(మధ్యలో ఉన్నది నెలే, నిమిషాలు కాదు. ఈ మాట ఎందుకు రాయాల్సి వచ్చిందో కింద చదివితే మీకే తెలుస్తుంది.)

ఫిర్యాదుల అధికారి గారికి,

విషయం: మీ దగ్గర కొన్న ఆండ్రాయిడ్ గడియారం కోడ్‌లో తప్పులు, డబ్బు వాపసు గురించి.

అయ్యా,

నేను నల్లగొండలో గడియారం చౌరస్తాకు దగ్గర్లో ఒక స్టడీ హాల్ నడుపుతున్నాను. 46 సీట్లు. గ్రూప్స్‌కు, కానిస్టేబుల్‌కు ప్రిపేర్ అయ్యే పిల్లలు నకిరేకల్, మునుగోడు, హాలియా, దేవరకొండ వైపు నుంచి వచ్చి, చుట్టుపక్కల రూములు తీసుకుని మా దగ్గర చదువుకుంటారు. ప్రతి ఆదివారం మాక్ టెస్ట్ ఉంటుంది. హాల్లో గోడకు ఒక టాబ్ బిగించి, తేదీ, గడియారం, మిగిలిన సమయం పెద్దగా కనిపించేలా ఒక యాప్ చేద్దామనుకున్నాను. డిగ్రీలో కంప్యూటర్స్ చదివాను, ఆండ్రాయిడ్ యాప్‌లు రాసే కోట్లిన్ భాష కొంచెం వచ్చు. కూర్చుంటే నేనే రాసుకునేవాణ్ణి. అప్పుడు అడ్మిషన్ల హడావిడిలో ఉండి, రెడీమేడ్‌గా దొరికితే పని అయిపోతుంది కదా అనుకున్నాను. మీ సైట్‌లో ‘సెకను కూడా తేడా రాదు’ అని రాసి ఉంది. ఆగస్టు 3న 2,500 రూపాయలు, దాని మీద జీఎస్టీ 450, మొత్తం 2,950 కట్టి మీ కోడ్ కొన్నాను.

చూడ్డానికి బాగుంది, అబద్ధం చెప్పను. నల్లటి తెర మీద గుండ్రటి డయల్, ఎర్ర సెకన్ల ముల్లు, కింద అంకెలు. పిల్లలు ఫోటోలు కూడా తీసుకున్నారు.

ఆగస్టు 24 ఆదివారం గ్రూప్-4 పేపర్ మాక్ టెస్ట్. 150 ప్రశ్నలు, 150 నిమిషాలు. సరిగ్గా పది గంటలకు నేనే స్టార్ట్ నొక్కాను. మొదటి తమాషా తేదీ దగ్గర బయటపడింది. ఓఎంఆర్ షీట్ మీద తేదీ వేయడానికి ఒకతను తలెత్తి చూసి, పక్కవాడిని మోచేత్తో పొడిచాడు. ఇద్దరూ నవ్వు ఆపుకుంటున్నారు. ఏందని అడిగితే, "అన్నా, గిది ఎన్నో నెల?" అన్నాడు. చూస్తే తెర మీద 24-13-2025 అని ఉంది. నేను చూస్తుండగానే అది 24-14-2025 అయింది.

తర్వాత కోడ్ తెరిచి చూశాను. తేదీ ఫార్మాట్‌లో నెల కోసం రెండు పెద్ద ఎమ్‌లు రాయాలి. చిన్న ఎమ్‌లు రాస్తే నిమిషాలు వస్తాయి. మీవాళ్లు చిన్నవి రాశారు. అందుకే పది గంటల ఏడు నిమిషాలకు మా హాల్లో జూలై, ఎనిమిది నిమిషాలకు ఆగస్టు, పన్నెండు దాటాక క్యాలెండర్‌లో లేని నెలలు. గంటకు ఒక్క నిమిషం మాత్రం తేదీ కరెక్టే. మీ టెస్టింగ్ సరిగ్గా ఆ ఒక్క నిమిషంలోనే జరిగిందేమో నాకైతే తెలియదు.

ఇది నవ్వుకుని వదిలేసే తప్పే. అసలు గొడవ పన్నెండున్నరకు.

మా హాల్లో వెనక గోడకు ఒక పాత గడియారం ఉంది. మిర్యాలగూడ రైస్ మిల్లు వాళ్లు ఒక దీపావళికి మా నాయనకు ఇచ్చింది, ఒక్క చిన్న సెల్లుతో నడుస్తుంది. అందులో పన్నెండున్నర కాగానే వెనక బెంచీల వాళ్లు పెన్నులు కింద పెట్టారు. ముందు కూర్చున్నవాళ్లు టాబ్ చూస్తున్నారు. టాబ్‌లో ఇంకా రెండు నిమిషాల పైన ఉంది. వాళ్లు రాస్తూనే ఉన్నారు. "టైం అయిపోయింది, షీట్లు గుంజుకోండి" అని వెనకవాళ్లు, "టాబ్‌ల టైం ఉందిగా" అని ముందువాళ్లు. టాబ్‌లో సున్నా పడేసరికి నా ఫోన్‌లో 12 గంటల 32 నిమిషాల 24 సెకన్లు. ఒక్కో ప్రశ్నకు ఒక్కో నిమిషం ఉండే పేపర్ అది. రెండు నిమిషాలంటే రెండు ప్రశ్నలు. మాక్ టెస్టే కదా అని మీరు అనుకోవచ్చు. ఒక్క మార్కుతో ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్లు ఆ హాల్లో ఉన్నారు. ఆ వారం ర్యాంకులు వేయకుండా ఆపేశాను.

ఆ రాత్రి కూర్చుని టైమర్ భాగం మొత్తం చదివాను. మీ కోడ్ యాప్ తెరిచినప్పుడు ఒక్కసారి మాత్రం ఫోన్ టైమ్ తీసుకుంటుంది. అక్కడి నుంచి హ్యాండ్లర్‌తో (చెప్పిన సమయం తర్వాత పని చేయించే ఆండ్రాయిడ్ సాధనం) ‘1000 మిల్లీసెకన్ల, అంటే ఒక సెకను తర్వాత మళ్లీ పిలువు’ అని పెట్టి, పిలిచిన ప్రతిసారీ సొంతంగా ఒక సెకను కలుపుకుంటూ పోతుంది. మిగిలిన సమయం కూడా అంతే, పిలిచినప్పుడల్లా ఒకటి తీసేస్తుంది. ఇలా ఆగి పిలవమని చెప్పే పోస్ట్‌డిలేడ్ అనే ఆజ్ఞకు 1000 ఇస్తే వెయ్యి మిల్లీసెకన్లకు ముందు మాత్రం పిలవదు, అంతవరకే దాని హామీ. సరిగ్గా వెయ్యికే పిలుస్తుందని ఎవరూ మాట ఇవ్వలేదు. పైగా మీవాళ్లు ప్రతి సెకనుకు డయల్ బొమ్మను మళ్లీ మొదటి నుంచి లోడ్ చేసి, ముల్లు గీసి, అది అయ్యాక అప్పుడు తర్వాతి వెయ్యి మొదలుపెడుతున్నారు. ప్రతి టిక్ ఎప్పుడు పడిందో రాసిపెట్టే లాగ్ పెట్టి కొలిచాను. 600 సార్లు టిక్ అయ్యేసరికి అసలు గడిచింది 609.6 సెకన్లు. అంటే మీ సెకను నా టాబ్‌లో 1,016 మిల్లీసెకన్లు. 150 నిమిషాలకు 9,000 టిక్కులు, ఒక్కోదానికి 16 మిల్లీసెకన్లు ఎక్కువ, మొత్తం 144 సెకన్లు. ఆ రెండు నిమిషాల 24 సెకన్లు ఎక్కడివో లెక్క కుదిరింది.

నల్లగొండ నుంచి నార్కట్‌పల్లికి నడుస్తూ, అడుగులు లెక్కపెట్టి ఎన్ని కిలోమీటర్లు వచ్చామో చెప్పినట్టుంది ఈ పద్ధతి. రోడ్డు పక్కన కిలోమీటరు రాయి ఉంది. తల తిప్పి చూస్తే చాలు. ఫోన్‌లో కూడా టైమ్ ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది, టిక్ అయిన ప్రతిసారీ దాన్ని అడిగి చూపిస్తే పిలుపు పది మిల్లీసెకన్లు ఆలస్యమైనా, వంద ఆలస్యమైనా తెర మీద తప్పు పేరుకోదు. మామూలు గడియారం చాలనుకుంటే అసలు కోడే అక్కర్లేదు. ఆండ్రాయిడ్ 4.2 నుంచి, అంటే 2012 నుంచి, టెక్స్ట్‌క్లాక్ అనే గడియారం రెడీగా ఉంది. తెర అమరిక రాసే లేఅవుట్‌లో పెట్టి ఫార్మాట్ ఇస్తే దానంతట అదే నడుస్తుంది.

టైమర్‌లో రెండో తప్పు ఇంకా పెద్దది. ఆగస్టు 31న మళ్లీ టెస్ట్. టాబ్ మీద దుమ్ము ఉందని మా దగ్గర పనిచేసే పిల్లవాడు పవర్ బటన్ నొక్కి తెర ఆపి, తుడిచి, మళ్లీ ఆన్ చేశాడు. పది నిమిషాల తర్వాత చూస్తే సెకన్ల ముల్లు పరుగెడుతోంది. ఒక సెకనులో రెండుసార్లు కొట్టుకుంటోంది. కోడ్‌లో, యాప్ తెరిచినా తెర మళ్లీ వెలిగినా నడిచే ఆన్‌రెజ్యూమ్‌లో కొత్త టైమర్ మొదలవుతుంది, తెర ఆరినప్పుడు నడిచే ఆన్‌పాజ్‌లో పాతదాన్ని తీసేసే లైను లేదు. తెర ఒకసారి ఆపి వేస్తే రెండు టైమర్లు, రెండుసార్లైతే మూడు. అన్నీ కలిసి అదే లెక్కలోంచి తీసేస్తుంటాయి. ఇంట్లో టేబుల్ మీద పెట్టి నాలుగుసార్లు ఆపి ఆన్ చేశాను. అరగంట కౌంట్‌డౌన్ ఆరు నిమిషాల్లో ఐపోయింది. ఆ ఆదివారం పరీక్ష మాత్రం టాబ్ మీద ఒక తెల్ల కాగితం అంటించి, మా నాయన గడియారం చూసి నడిపించాను.

ఇక మీ సపోర్ట్ వాళ్ల సంగతి. ఆగస్టు 25న మొదటి ఫిర్యాదు పెట్టాను. ఫోన్ టైమ్ ఆటోమేటిక్‌లో పెట్టుకోమన్నారు. అది అప్పటికే అలానే ఉంది, పైగా మీ కోడ్ ఆ టైమ్‌ను చూస్తే కదా. తర్వాత బ్యాటరీ ఆప్టిమైజేషన్ ఆఫ్ చేయమన్నారు, చేశాను. మూడోసారి, మీ టాబ్ తక్కువ ధరది కాబట్టి అలా అవుతుంది అన్నారు. నా టాబ్ సొంత గడియారం పైన మూలలో కరెక్టుగానే నడుస్తోందండీ, దాని పక్కనే మీది తప్పు నడుస్తోంది. నాలుగోసారి నేనే తప్పు ఎక్కడుందో లైను నంబర్లతో సహా రాసి పంపిస్తే, మార్పులు చేయడం కస్టమ్ డెవలప్‌మెంట్ కిందికి వస్తుందని, 4,000 అవుతుందని జవాబు. మీ తప్పు నేను పట్టుకుని మీకు చూపించినందుకు నా దగ్గరే నాలుగు వేలు! ఆ మర్నాడు టికెట్ క్లోజ్ చేసి, మీ సమస్య పరిష్కారమైంది, ఐదు స్టార్లు ఇవ్వండి అని మెసేజ్ వచ్చింది.

నా హాలు వరకు పని కానిచ్చుకున్నాను. స్టార్ట్ నొక్కినప్పుడు సిస్టమ్‌క్లాక్‌లోని ఎలాప్స్‌డ్‌రియల్‌టైమ్ విలువ దాచిపెట్టి, ప్రతి టిక్‌కు ఇప్పటి విలువలోంచి దాన్ని తీసేసి ఎంత గడిచిందో చూసి, పరీక్ష మొత్తం సమయంలోంచి అది తగ్గించి మిగిలిన సమయం చూపిస్తున్నాను. అది ఫోన్ ఆన్ అయినప్పటి నుంచి గడిచిన కాలం, తెర ఆరిపోయి ఫోన్ నిద్రపోయినా ఆగదు. సెట్టింగ్స్‌లోకి పోయి ఎవరైనా టైమ్ వెనక్కి జరిపినా దానికి సంబంధం లేదు. పరీక్షల టైమర్‌కు అదే సరైనది. ఆన్‌పాజ్‌లో పాత టైమర్‌ను తీసేసే లైను చేర్చాను. నెలకు పెద్ద ఎమ్‌లు పెట్టాను. అంతా కలిపి పది లైన్లు కూడా లేవు. గత మూడు ఆదివారాలూ టాబ్, గోడ గడియారం ఒకేసారి పన్నెండున్నర చూపించాయి.

మరి ఎందుకు రాస్తున్నానంటే, పాలమూరులో నాకొక మిత్రుడున్నాడు. అక్కడ ఒక ప్రైవేటు స్కూల్లో ఆఫీసు పని చూస్తాడు. మీ డయల్ కొత్తగా ఉన్నప్పుడు, తప్పులు బయటపడకముందు, నేనే వాడికి చెప్పాను. నా మాట మీద వాడూ కొని, పీరియడ్ బెల్లు కొట్టడానికి పెట్టాడు. 40 నిమిషాల పీరియడ్‌కు దాదాపు 38 సెకన్ల చొప్పున ఎనిమిది పీరియడ్లకు ఐదు నిమిషాలు వెనకపడుతుంది. సాయంత్రం గేటు బయట ఆటోల వాళ్లు హారన్లు కొడుతుంటే లోపల ఇంకా క్లాసు నడుస్తోందట. పొద్దున్నే యాప్ మళ్లీ తెరవగానే టైమ్ సరవుతుంది కాబట్టి తప్పు ఎక్కడుందో చాలా రోజులు ఎవరికీ అంతుపట్టలేదు. వాచ్‌మన్ బెల్లు లేటుగా కొడుతున్నాడని అతన్నే తిట్టారట. వాచ్‌మన్ బెల్లు ముట్టుకోనేలేదు. ఇది విన్నప్పటి నుంచి నాకు మనసులో ఒకటే గుచ్చుకుంటోంది. మీ సైట్‌లో ఇప్పటికీ ‘సెకను కూడా తేడా రాదు’ అనే మాట అలాగే ఉంది. నాలాగా ఎంతమంది కొన్నారో, వాళ్లలో ఎవరెవరు ఏ వాచ్‌మన్‌ను తిడుతున్నారో!

కాబట్టి నా 2,950, మా మిత్రుడి 2,950 తిరిగి ఇవ్వండి. కోడ్ సరిచేసి, ఇంతకుముందు కొన్న వాళ్లందరికీ తప్పు ఏమిటో, ఎలా సరిచేసుకోవాలో ఉచితంగా పంపండి. నేను రాసిన లైన్లు వాడుకోండి, డబ్బులేమీ అడగను. సరిచేసేదాకా ఆ సెకను తేడా మాట సైట్ నుంచి తీసేయండి.

డిజిటల్ సరుకు కాబట్టి వాపసు ఉండదని మీ షరతుల్లో ఉందని సపోర్ట్‌లో ఒకరు అన్నారు. వద్దనిపించి అడగడం వేరు, సరుకే లోపంతో వచ్చిందని అడగడం వేరు. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. నా మొదటి ఫిర్యాదుకు నెల దాటింది. వ్యాపారానికి కొన్నావు, నువ్వు వినియోగదారుడివి కాదు అనే మాట కూడా వస్తుందని నాకు తెలుసు. సొంత ఉపాధితో బతకడం కోసం కొన్నవాళ్లు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కిందికి వస్తారు. నేను ఉండే చోటే కేసు వేసుకోవచ్చు, కాబట్టి హైదరాబాద్ కూడా రానక్కర్లేదు. నల్లగొండలోనే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. ఐదు లక్షల లోపు వాటికి ఫీజు కూడా లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి చెప్పడం దానికంటే ముందే చేస్తాను. కోర్టుల చుట్టూ తిరగాలని నాకు సరదా ఏమీ లేదు, ఆదివారాలు నాకు ఖాళీ ఉండవు.

ప్రస్తుతం మా మిత్రుడి స్కూలుకు బతుకమ్మ, దసరా సెలవులు. బెల్లు మోగడం లేదు. సెలవులు అయిపోయి బడి తెరిచే రోజు పొద్దున మొదటి బెల్లు కొట్టేలోగా మీ నుంచి సరైన కోడ్, డబ్బు రెండూ అందాలి.

ఇట్లు,
స్టడీ హాల్ నిర్వాహకుడు,
గడియారం చౌరస్తా దగ్గర, నల్లగొండ.

జతపరిచినవి: బిల్లు కాపీ, 600 టిక్కుల లాగ్, మీ సపోర్ట్ జవాబులు నాలుగు, ఆగస్టు 24న ఒక విద్యార్థి ఫోన్‌లో తీసిన వీడియో. వీడియోలో టాబ్‌తోపాటు వెనక గోడ మీది గడియారం కూడా కనిపిస్తుంది, రెండూ చూడండి.