పరిశోధక విద్యార్థుల ఫెలోషిప్‌కు ఒక తేదీ ఉండాలి

సంపాదకుల వారికి,

రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో అధ్యాపక ఖాళీల గురించీ, కొత్త భవనాల గురించీ, ర్యాంకుల గురించీ మీ పత్రికలో తరచూ వార్తలు చదువుతూనే ఉన్నాం. అవే ప్రాంగణాల్లో పొద్దుపోయేదాకా ల్యాబుల్లో పనిచేసే పరిశోధక విద్యార్థులు నెల ఎలా గడుపుకొస్తున్నారన్న సంగతి మాత్రం అరుదుగా కనిపిస్తుంది. రాయలసీమలోని ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో, దీర్ఘకాలపు ఒత్తిడి వల్ల మెదడు కణాల్లో వచ్చే మార్పులపై పీహెచ్‌డీ చేస్తున్న విద్యార్థినిగా ఈ లేఖ రాస్తున్నాను. ఫెలోషిప్ మొత్తాన్ని పెంచాలని నేను కోరడం లేదు. వచ్చేది ఏ తేదీన వస్తుందో ముందుగా తెలియాలనీ, అసలేమీ రానివారికి కనీసపు భృతి ఏర్పాటు చేయాలనీ మాత్రమే కోరుతున్నాను.

జాతీయ అర్హత పరీక్ష అయిన నెట్‌లో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) సాధించినవారికి 2023 జనవరి 1 నుంచి మొదటి రెండేళ్లూ నెలకు 37,000 రూపాయలు, ఆ తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) కింద 42,000 రూపాయలు వర్తిస్తాయి. అంతకుముందు ఇవి 31,000, 35,000 రూపాయలుగా ఉండేవి. అనంతపురం, కడప లాంటి ఊళ్లలో ఒక మనిషి గౌరవంగా బతకడానికి ఈ మొత్తం చాలు, కాదనలేం. జేఆర్‌ఎఫ్ లేకుండా ప్రవేశ పరీక్ష రాసి చేరినవారి పరిస్థితి వేరు. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో చదివే అలాంటి విద్యార్థులకు నెలకు 8,000 రూపాయల నాన్-నెట్ ఫెలోషిప్ పథకం ఉంది. 2015లో దాన్ని ఎత్తివేయాలని నిర్ణయించినప్పుడు ఢిల్లీలో యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) కార్యాలయం ముందు విద్యార్థులు బైఠాయించి పోరాడారు. రాష్ట్ర విశ్వవిద్యాలయాల వారికి ఆ పథకం వర్తించదు. అనంతపురంలో 1981 నుంచి శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ఉంది, 2018 నుంచి కేంద్రీయ విశ్వవిద్యాలయమూ నడుస్తోంది. కడపలో యోగి వేమన, కర్నూలులో రాయలసీమ విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. ఒకే ఊళ్లో ఉంటూ, ఒకే స్థాయి పరిశోధన చేసే ఇద్దరిలో ఒకరికి ఆ సాయం పొందే వీలుండి, మరొకరికి పైసా రాకపోవడానికి చదువుకు సంబంధించిన కారణమేదీ నాకు కనిపించదు.

మా పని గురించి కొంత చెప్పాలి, ఎందుకంటే ఈ విషయానికీ దానికీ సంబంధం ఉంది. ఒత్తిడి ఎదురైనప్పుడు అడ్రినల్ గ్రంథుల నుంచి మనుషుల్లో కార్టిసాల్, ఎలుకల్లో కార్టికోస్టిరాన్ అనే హార్మోన్లు రక్తంలోకి విడుదలవుతాయి. కాసేపటి ఒత్తిడిని తట్టుకోవడానికి శరీరానికి ఇది అవసరమే. అదే రోజుల తరబడి కొనసాగితే జ్ఞాపకశక్తికి కీలకమైన హిప్పోకాంపస్‌లో నాడీకణాల కొమ్మలు కుంచించుకుపోతాయి. భయానికీ ఆందోళనకూ సంబంధించిన అమిగ్డాలాలో ఇందుకు విరుద్ధంగా కొమ్మలు పెరుగుతాయి. ఈ తేడాను 2002లో లోకానికి చూపించినది మన పక్కనే ఉన్న బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన కేంద్రం ఎన్‌సీబీఎస్ శాస్త్రవేత్తల బృందం. ఒత్తిడి తొలగించాక హిప్పోకాంపస్ కణాలు చాలావరకు కోలుకుంటాయి గానీ, అమిగ్డాలాలో వచ్చిన మార్పు మూడు వారాల విశ్రాంతి తర్వాత కూడా తగ్గలేదని అక్కడివారే తర్వాత తేల్చారు.

ఈ కొమ్మలను చూడటానికి మేము వాడేది 1873లో ఇటలీకి చెందిన కామిలో గోల్జీ కనిపెట్టిన రంజన పద్ధతికి తర్వాతి కాలపు రూపం. మెదడును పాదరసపు, క్రోమియం లవణాల ద్రావణంలో వేసి, సీసాకు నల్ల కాగితం చుట్టి, రెండు వారాల దాకా చీకటి అలమరలో ఉంచాలి. తర్వాత దాన్ని పలచని పొరలుగా కోసి మైక్రోస్కోప్ కింద పెడితే, నూటికి ఏ కొన్ని కణాలో మాత్రమే కొమ్మారెమ్మలతో సహా నల్లగా తేలి కనిపిస్తాయి. వాటిలో ఏదీ తెగిపోని కణాన్ని ఎంచుకుని, ప్రతి కొమ్మనూ గీసి, పొడవు కొలిచి, చీలికలు లెక్కపెట్టాలి. ఒక్కో కణానికి గంటలు పడుతుంది. చేతిలో డబ్బు లేదని మధ్యలో వదిలేసి, వీలైనప్పుడు వచ్చి చేసుకునే పని కాదిది.

మా రంగంలో అందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. ఎలుకను రోజూ ఒకే వేళకు, ఒకే రకం ఒత్తిడికి గురిచేస్తే కొన్నాళ్లకు దానికి అలవాటు పడుతుంది. మొదటిరోజు పెరిగినంతగా కార్టికోస్టిరాన్ పెరగదు. అందువల్ల చాలా ల్యాబుల్లో ఒత్తిడి రకాన్నీ వేళనూ రోజూ మారుస్తుంటారు. ఒకనాడు బోనును ఏటవాలుగా ఉంచుతారు, ఒకనాడు కింద పరిచిన పొట్టును తడుపుతారు, ఒక రాత్రంతా లైటు ఆర్పరు. ఎప్పుడు ఏం జరుగుతుందో ఎలుకకు అంతుపట్టకుండా చేయడమే ఈ పద్ధతిలో కీలకం. 1970 ప్రాంతంలో అమెరికాలో జే వైస్ చేసిన ప్రయోగాల్లో, కరెంటు షాకు అంతే ఇచ్చినా, ముందు శబ్దంతో హెచ్చరిక అందిన ఎలుకల కడుపులో పుండ్లు తక్కువగా, అందనివాటిలో ఎక్కువగా వచ్చాయి. ఎలుకల్లో తేలినదాన్ని మనుషులకు నేరుగా అంటగట్టకూడదని మాకు మొదటి ఏడాదే నేర్పుతారు, కాబట్టి నేను ఆ పని చేయబోను. కానీ బ్యాంకు మెసేజ్ వచ్చిందేమోనని చేతి తొడుగులు తీసి మరీ ఫోన్ చూసుకునే వాతావరణంలో ఈ ప్రయోగాలు చేస్తున్న మాకు ఆ పోలిక తట్టకుండా ఎలా ఉంటుంది?

ఫెలోషిప్ పడాలంటే నెలనెలా మా హాజరు ధ్రువీకరణ గైడ్ సంతకంతో విభాగాధిపతికి, అక్కడి నుంచి కార్యాలయానికి వెళ్లి ఆన్‌లైన్‌లో నమోదు కావాలి. జేఆర్‌ఎఫ్ నుంచి ఎస్‌ఆర్‌ఎఫ్‌కు మారేటప్పుడు కమిటీ కూర్చోవాలి, దానికి బయటి నిపుణులకు తీరిక దొరకాలి. ఇందులో ఏ కాగితం ఎవరి బల్ల మీద ఆగిందో మాకు తెలియదు. అడిగితే ‘పైనుంచి రావాలమ్మా’ అంటారు. నెలల తరబడి ఏమీ రాకుండా, తర్వాత బకాయిలన్నీ ఒక్కసారిగా పడటం మాకు మామూలైపోయింది. మొత్తం వచ్చేసిందిగా, ఇంకేం బాధ అని అడిగేవారున్నారు. ఈలోపు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు ఏ బకాయిలోనూ తిరిగి రాదు. చెనక్కాయ పంట చేతికి రాని ఏడాది ఇంటికి నాలుగు రూపాయలు పంపాల్సిన వయసులో ఇంట్లోనే చేయి చాచడం ఎంత కష్టమో మా ప్రాంతం వారికి విడమరిచి చెప్పనక్కరలేదు.

నాకు ఆలస్యంగానైనా ఫెలోషిప్ వస్తుంది. మా ల్యాబ్‌లోనే మరో పరిశోధకుడికి అదీ లేదు. ఆయన ఉదయం ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో జువాలజీ చెప్పి, మధ్యాహ్నానికి ల్యాబ్‌కు వస్తారు. ఎలుకల్లో కార్టికోస్టిరాన్ ఉదయం తక్కువగా ఉండి, చీకటి పడే వేళకు సహజంగానే పెరుగుతుంది గనుక రక్త నమూనాలు ఎప్పుడు తీసినా ఒకే వేళకు, వీలైతే ఉదయమే తీయాలి. సరిగ్గా అదే సమయానికి ఆయనకు క్లాసులు ఉంటాయి. దాంతో ఆయన అసలు ప్రయోగాలన్నీ వేసవి సెలవులకు వాయిదా పడతాయి. వేసవిలో అనంతపురం ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది, ఎలుకలను ఉంచే యానిమల్ హౌస్‌లో 29 డిగ్రీలు మించకూడదని మార్గదర్శకాలు చెబుతాయి. కరెంటు పోయి, జనరేటర్‌లో డీజిల్ లేకపోతే, ఏ ఒత్తిడీ పెట్టకుండా పక్కన ఉంచిన ఎలుకలు కూడా వేడికి ఒత్తిడికి లోనై, పోల్చి చూసుకోవడానికి ఏమీ మిగలదు. ఒక మనిషికి నెలకు 8,000 రూపాయలు ఇవ్వకపోవడం వల్ల వృథా అయ్యే ప్రజాధనాన్ని కూడా ఎవరైనా లెక్కగడితే బాగుంటుంది.

గడువుల విషయంలో మాత్రం నిబంధనలు చాలా స్పష్టంగా ఉన్నాయి. యూజీసీ 2022 నియమాల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. తిరిగి నమోదు చేసుకుంటే మరో రెండేళ్లు, మహిళలకు ఇంకో రెండేళ్ల సడలింపు ఉంది. డబ్బు ఆగిపోయిన నెలలూ ఆ ఆరేళ్లలోనే కలిసిపోతాయి.

మానసిక ఆరోగ్య దినం నాడు ఒత్తిడిని జయించడం ఎలాగన్న అంశంపై సెమినార్ హాలులో ఉపన్యాసాలు ఏర్పాటు చేస్తుంటారు. వాటిని తక్కువ చేయను. 2018లో నేచర్ బయోటెక్నాలజీ పత్రికలో వచ్చిన సర్వేలో పాల్గొన్న పరిశోధక, పీజీ విద్యార్థుల్లో 39 శాతం మందికి ఒక మోస్తరు నుంచి తీవ్రమైన కుంగుబాటు లక్షణాలు కనిపించాయి. సాధారణ జనాభాలో అది 6 శాతమేనని ఆ సర్వే చేసినవారు పోల్చి చూపించారు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలి మానస్ 14416 నంబరుకు ఎవరైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు, అవసరమైనవారు మొహమాటపడకుండా చేయాలి. అయితే అదే హాలులో పెండింగ్‌లో ఉన్న ఫెలోషిప్ ఫైళ్ల జాబితా కూడా చదివి వినిపిస్తే హాజరు ఇంకా బాగుంటుందని మాలో మేము అనుకుంటుంటాం.

ఖజానాకు వెయ్యి ఖర్చులుంటాయన్నది తెలియనిది కాదు. నేను కోరే వాటిలో రెండింటికి కొత్తగా కేటాయింపు అక్కరలేదు. విద్యార్థి నుంచి రాతపూర్వక అంగీకారం తీసుకుని, ప్రతి నెలా ఒక నిర్ణీత తేదీన విశ్వవిద్యాలయం తన సొంత నిధి నుంచి కొంత అడ్వాన్సు ఇచ్చి, ఫెలోషిప్ జమ అయ్యాక తిరిగి తీసుకోవచ్చు. దరఖాస్తు సంఖ్య కొడితే ఫైలు ఏ దశలో ఉందో కనిపించే ఏర్పాటును మిగతా ఎన్నో సేవలకు ప్రభుత్వం ఇప్పటికే చేసింది, దాన్ని దీనికీ వర్తింపజేయవచ్చు. ఏ ఫెలోషిప్పూ లేని పూర్తికాల పరిశోధకులకు, కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో ఇస్తున్నంతైనా భృతి ఇవ్వడానికి మాత్రం రాష్ట్ర ప్రభుత్వం డబ్బు కేటాయించాల్సి ఉంటుంది. రాష్ట్ర ఉన్నత విద్యా మండలి ఈ మూడింటిపై తన నిర్ణయాన్ని వచ్చే పీహెచ్‌డీ ప్రవేశాల ప్రకటనకు ముందే తెలపాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. అలా తెలిపితే, చేరాలా వద్దా అని ఆలోచిస్తున్న పిల్లలు తమ ఇంటి పరిస్థితిని బట్టి నిర్ణయం తీసుకోగలుగుతారు.

ఇట్లు,
ఒక పరిశోధక విద్యార్థిని,
అనంతపురం