మోడల్ పడవల సంఘం వార్షిక నివేదిక: పాత పెట్రోలు ఇంజిన్ల మరమ్మతు

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది సంఘం పని ఎక్కువగా 1940ల నాటి స్పార్క్ ఇంజిన్ల (కరెంటు నిప్పురవ్వతో పెట్రోలును మండించే చిన్న ఇంజిన్లు) మీదే సాగింది. ముఖ్యంగా లాస్ ఏంజెలెస్‌లో ఓల్సన్ అండ్ రైస్ కంపెనీ తయారుచేసిన 23, 60 రకాలు. 60 అంటే 0.60 ఘనపు అంగుళం, దాదాపు 10 సీసీ. 23 అంటే 3.8 సీసీ. మోడల్ విమానాల్లో పేరుపడ్డ ఇంజిన్లే అయినా, బరువైన ఫ్లైవీల్ (ఇంజిన్ నిలకడగా తిరగడానికి బిగించే చక్రం) బిగిస్తే పడవలోనూ చక్కగా నడుస్తాయి. వీటిని గ్లో ప్లగ్‌కు (స్పార్క్ లేకుండా, ఎర్రగా కాగిన తీగతో ఇంధనాన్ని మండించే ప్లగ్) మార్చవద్దని సంఘం గట్టిగా కోరుతోంది. 1947లో రే ఆర్డెన్ గ్లో ప్లగ్ వచ్చాక చాలామంది అలా మార్చుకున్నారు గానీ, దానికి వాడే నైట్రో ఇంధనం (నైట్రోమీథేన్ కలిపిన మిథనాల్) ఒత్తిడికి, పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే ఈ సన్నటి కనెక్టింగ్ రాడ్లు ఆగవు. అసలు ఆ అవసరమే ఉండదు. మూలనపడ్డ ఇంజిన్లలో లోహం సాధారణంగా బాగానే ఉంటుంది, చెడేది కరెంటు వైపు.

బిగుసుకుపోయిన ఇంజిన్‌ను ప్లయర్‌తో తిప్పితే రాడ్ వంగుతుంది. లోపల పట్టేసింది ఎండి జిగురైన పాత నూనె, అది వేడికే వదులుతుంది. ట్యాంకు, స్పార్క్ ప్లగ్, పాయింట్లు (కాయిల్‌కు కరెంటును కలిపి తెంచే కాంటాక్టులు) విప్పి పక్కన పెట్టి, హెయిర్ డ్రయ్యర్‌తో సిలిండర్‌ను వేడిచేసి, ఎగ్జాస్ట్ లోంచి రెండు చుక్కలు పల్చటి నూనె వేసి, ఫ్లైవీల్‌ను చేత్తోనే అటూ ఇటూ కదపాలి. పిస్టన్‌కు రింగులు లేవు. సిలిండర్‌కు జతగా అరగదీసి కూర్చిన పిస్టన్ అది. గరుకు కాగితం తగిలిందంటే పోయిన కంప్రెషన్ మళ్లీ రాదు.

ఇక స్పార్క్. పాయింట్ల మధ్య శుభ్రమైన అట్టముక్క లాగి తుడిచి, గ్యాప్ 0.25 నుంచి 0.30 మి.మీ. పెట్టాలి, ప్లగ్ గ్యాప్ 0.3 నుంచి 0.4. పాయింట్ల దగ్గర నీలంగా పెద్ద మెరుపు, ప్లగ్ దగ్గర నీరసమైన నిప్పురవ్వ కనిపిస్తే కండెన్సర్ (కెపాసిటర్) పోయినట్టే. పాత కాగితపు కండెన్సర్లను పరీక్షించే శ్రమ కూడా వద్దు, 0.1 నుంచి 0.22 మైక్రోఫారడ్, 400 వోల్టుల ఫిల్మ్ కెపాసిటర్ వేసేయండి. ప్లగ్ తగిలించకుండా కాయిల్‌ను (ప్లగ్‌కు హై వోల్టేజి ఇచ్చే తీగచుట్ట) పరీక్షించకూడదు. బయటికి దారి లేని హై వోల్టేజి లోపలి ఇన్సులేషన్‌ను చీల్చేస్తుంది. స్ప్రింగు కాంటాక్టుల బ్యాటరీ పెట్టెల్లో వోల్టేజి పడిపోతుంది. తీగలు సోల్డర్ చేసిన పెద్ద సెల్స్ వాడాలి. ఇంజిన్ ఆగగానే స్విచ్ కట్టేయాలి. పాయింట్లు మూసుకున్న చోట ఆగితే కాయిల్ కాలుతుంది.

ఇంధనం మూడు పాళ్లు పెట్రోలు, ఒక పాలు ఎస్‌ఏఈ 70 (చిక్కదనం గ్రేడు) మినరల్ ఆయిల్. స్కూటర్ల టూ-స్ట్రోక్ ఆయిల్‌ను 50కి 1 కలిపితే బుష్ బేరింగులు అరిగిపోతాయి. ఆముదం పెట్రోలులో సరిగా కలవదు. బంకు పెట్రోలులో కలిసే ఎథనాల్ తేమను పీల్చి తుప్పు పట్టిస్తుంది, కనుక ఎథనాల్ లేని క్యాంపు స్టవ్ పెట్రోలు మేలు. అనుమానం ఉంటే కొలజాడీలో 100 మి.లీ. పెట్రోలు, 10 మి.లీ. నీళ్లు పోసి కలిపి నిలకడగా ఉంచండి. అడుగు పొర 10 దగ్గరే ఆగితే ఎథనాల్ లేదు. ఇక్కడి బంకుల్లో దొరికే ఈ20తో (20 శాతం ఎథనాల్ ఉన్న పెట్రోలు) అది 30 దాకా లేస్తుంది. అమెరికాలోని సభ్యులకు ఈ10తో 20 దగ్గర. ఈ పరీక్ష ఆరుబయటే చేయాలి.

స్టార్ట్ చేసేటప్పుడు, స్పార్క్ పడే వేళను మార్చే టైమింగ్ లివర్‌ను వెనక్కి పెట్టాలి. ముందుకు ఉంటే ఇంజిన్ ఎదురు తన్ని, ఫ్లైవీల్‌కు చుట్టి లాగే తాడును వేళ్లలోంచి లాగేస్తుంది. అందుకే తాడును చేతికి చుట్టుకోకూడదు. నీడిల్ (ఇంధనం మోతాదు మార్చే మర) రెండు మూడు చుట్లు తెరిచి, అందుకున్నాక కొద్దికొద్దిగా మూస్తూ లివర్‌ను ముందుకు జరపాలి. ఎగ్జాస్ట్ లోంచి పచ్చి పెట్రోలు కారితే ప్లగ్ విప్పి, ఇంజిన్‌ను తలకిందులు చేసి తిప్పాలి. ఒకటి రెండుసార్లు అందుకుని ఆగిపోతుంటే నీడిల్‌లో నలుసు ఉందేమో, ట్యాంకులో ఇంధనం మట్టం సరిగా ఉందో లేదో చూడండి. ప్రొపెల్లర్ నీళ్లలో లేకుండా ఎక్స్‌లరేటర్ లాగా లివర్‌ను ముందుకు తోయవద్దు, లోడు లేక వేగం అదుపు తప్పుతుంది. ఇంజిన్‌కు, ప్రొపెల్లర్ షాఫ్టుకు వరస తప్పితే వాటిని కలిపే కప్లింగ్, దాని వెంటే బేరింగు పోతాయి. డెక్ మూసి ఉంటే సిలిండర్‌కు గాలి తగిలే కిటికీ తప్పనిసరి.

వచ్చే ఏడాది జపాన్ కంపెనీ జెనోవా (Zenoah) 22.5 సీసీ ఇంజిన్ల వంతు. వీటి వాల్బ్రో కార్బ్యురేటర్లలో పాతబడిన డయాఫ్రమ్ (పెట్రోలును లాగే మెత్తటి పొర) గట్టిపడి పెట్రోలు లాగదు. కార్బ్యురేటర్ స్క్రూలను ఇంట్లో కదపకుండా ఇంజిన్లను అలాగే తీసుకురావలసిందిగా మనవి.