'అరబ్బులంతా ఇంతే' అనేవాళ్ళకు

సంపాదకుల వారికి నమస్కారం.

గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన వాళ్ళ మీద మీ ఆదివారం పేజీల్లో వేసిన వ్యాసం చదివాను. పరాయి దేశంలో మొదట అంతా బాగుంటుందట, తర్వాత చిరాకు పుడుతుందట, ఇంకొన్నాళ్ళకు సర్దుకుపోతామట, ఏళ్ళు గడిచేసరికి ఆ దేశం మన సొంతమైపోతుందట. ఈ లెక్క కొత్తదేమీ కాదు. 1950ల్లోనే కాలెర్వో ఓబెర్గ్ అనే మానవ శాస్త్రవేత్త ఇంచుమించు ఇదే చెప్పాడు, 1955లో లీస్‌గార్డ్ అనే నార్వే ఆయన ఈ ఎగుడుదిగుడు ఇంగ్లీషు యూ అక్షరంలా ఉంటుందన్నాడు. ఆయన చూసింది ఎవర్నంటే, ఫుల్‌బ్రైట్ స్కాలర్‌షిప్ మీద అమెరికా వెళ్ళొచ్చిన తన దేశస్థుల్ని. సోంపేట నుంచి రిగ్గర్ (క్రేన్లతో బరువులెత్తించే పని) వీసా మీద వెళ్ళి, పాస్‌పోర్టు ఇంకెవరి బీరువాలోనో పెట్టుకుని బతికే కుర్రాడికి ఆ యూ గీత ఎలా వర్తిస్తుందో నాకైతే అర్థం కాలేదు. అందుకే ఈ ఉత్తరం. పొడుగైపోయింది, కత్తిరించాల్సి వస్తే చివరి పేరా మాత్రం ఉంచండి.

నేను ల్యాబ్ టెక్నీషియన్ని. విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్‌లో పని నేర్చుకుని ఒమన్ వెళ్ళాను, ముందు నిజ్వాలో, తర్వాత మస్కట్‌లో రెండు దశాబ్దాలకు పైగా పనిచేసి, ఇప్పుడు సీతమ్మధారలో ఉంటున్నాను. ల్యాబ్ పనిలో ఒక సౌకర్యం ఉంది, ఆ దేశపు మనుషుల కోసం మనం వెతుక్కుంటూ వెళ్ళక్కర్లేదు, పొద్దున్నే వాళ్ళే వచ్చి చొక్కా చెయ్యి పైకి మడిచి కూర్చుంటారు. సూది గుచ్చే ముందు వాళ్ళు నా ఆరోగ్యం, మా అమ్మానాన్నల ఆరోగ్యం, పిల్లల చదువు అన్నీ అడిగాకే చెయ్యి ఇచ్చేవాళ్ళు. లైను పెరిగిపోతోందని మొదట్లో టెన్షన్ పడేదాన్ని. తర్వాత ఆ పలకరింపు లేకుండా ఎవరైనా పనిలోకి దిగితే నాకే ఏదోలా అనిపించేది, ఇక్కడికొచ్చాక బ్యాంకులో 'ఏంటండీ, ఏం కావాలి' అంటే ఇప్పటికీ అలాగే అనిపిస్తుంది.

అందరికీ అలా కుదరదు. మస్కట్‌లో రువీ, దార్‌సైట్ వైపు ఉండే మనవాళ్ళలో చాలామందికి ఒమనీ అంటే ఇంటి ఓనరు, ట్రాఫిక్ పోలీసు, ఆఫీసులో సంతకం పెట్టే మనిషి, అంతకు మించి ఎవరూ తెలియదు. దార్‌సైట్‌లో కృష్ణుడి గుడి ఉంది, సుల్తాన్ ప్యాలెస్ దగ్గర శివాలయం ఉంది, సందుకో మలయాళీ హోటలుంది, ఉగాదికి ఫంక్షను, సంక్రాంతికి ముగ్గుల పోటీ, శని ఆదివారాలు కాకుండా శుక్ర శనివారాలు సెలవు అన్న ఒక్క తేడా తప్పిస్తే విశాఖలో ఉన్నట్టే పాతికేళ్ళు గడిపేయొచ్చు. అలా గడిపిన వాళ్ళ అభిప్రాయాలు వెళ్ళిన మొదటి ఏడాది ఎలా ఉన్నాయో చివరి ఏడాదీ అలాగే ఉంటాయి, కాకపోతే పాతికేళ్ళ అనుభవం అని చెప్పుకునే ధీమా ఒకటి అదనంగా చేరుతుంది. నాకు వీళ్ళతోనే పేచీ.

వెళ్ళిన కొత్తలో మా క్వార్టర్స్‌లో ఎక్కువగా నడిచిన కబురు ఒమనీల పెళ్ళిళ్ళ గురించి. బాబాయ్ కూతుర్ని చేసుకుంటారట, ఛీ, వరసకు చెల్లెలు కదా అని మొహం చిట్లించేవాళ్ళు. అంటున్న వాళ్ళలో మేనబావను చేసుకున్న వాళ్ళు బోలెడు మంది, ఒకావిడైతే సొంత మేనమామనే చేసుకుంది. ఒకరోజు టీ తాగుతూ మా ల్యాబ్‌లో ఒమనీ అమ్మాయి మీ దగ్గర సంబంధాలు ఎలా చూస్తారని అడిగితే మాటల్లో ఈ మేనమామ సంగతి కూడా చెప్పాను. ఆ పిల్ల చేతిలో కప్పు అలాగే ఆగిపోయింది. అక్క కూతుర్నా? ఖురాన్‌లో పేరు పెట్టి మరీ నిషేధించిన వరసల్లో అదొకటి. మా క్వార్టర్స్‌లో ఆడవాళ్ళు ఏ మొహం పెట్టేవాళ్ళో సరిగ్గా అదే మొహం పెట్టింది, నాకు నవ్వాగలేదు. ఎందుకు నవ్వుతున్నానో చెప్పాక తనూ నవ్వింది, కానీ పూర్తిగా ఒప్పుకోలేదు, నేనూ ఒప్పుకోలేదు. ఇప్పటికీ బాబాయ్ కూతురంటే నాకు చెల్లెలే.

ల్యాబ్‌లో ఆ సంగతి ఇంకో రకంగా ఎదురయ్యేది. కొడవలిలా వంగిన ఎర్ర కణాలు ఒమన్‌లో చాలామందిలో కనిపిస్తాయి. అవి నాకు కొత్త కాదు, పాడేరు, అరకు వైపు నుంచి కేజీహెచ్‌కు వచ్చే గిరిజనుల రక్తంలో చూసినవే. తరతరాలుగా మలేరియా ఉన్న ప్రాంతాల్లో ఆ జన్యువు నిలబడిపోయింది, తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి మాత్రమే వస్తే మలేరియాను కొంత తట్టుకుంటారు, ఇద్దరి నుంచీ వస్తే సికిల్ సెల్ జబ్బు. దగ్గర చుట్టరికాల్లో పెళ్ళిళ్ళయితే ఇద్దరి నుంచీ వచ్చే అవకాశం పెరుగుతుంది, ఆ చుట్టరికం బాబాయ్ వైపుదా మేనత్త వైపుదా అన్నది రక్తానికి పట్టదు. మన దేశంలో ఇలాంటి పెళ్ళిళ్ళు ఎక్కువగా జరిగేది మన దక్షిణాదిలోనే. అయినా క్వార్టర్స్‌లో 'వీళ్ళకి రోగాలు రాక ఏమవుతాయి' అనే మాట ఒమనీల గురించే వినిపించేది.

కొన్నేళ్ళకు నాకు 'అరబ్బులు' అనే ముద్ద విడిపోయింది. నిజ్వా వైపు ఎక్కువమంది ఇబాదీలు, వాళ్ళు సున్నీలూ కాదు, షియాలూ కాదు. మత్రాలో సముద్రం ఒడ్డున లవాతీలుంటారు, వాళ్ళ ఇళ్ళలో సింధీకి దగ్గరి భాష మాట్లాడతారు. ఒకప్పుడు ఒమనీలు ఏలిన తూర్పు ఆఫ్రికా దీవి జాంజిబార్‌లో 1964లో తిరుగుబాటు అయ్యాక, 1970లో ఖాబూస్ సుల్తాన్ అయ్యాక తిరిగొచ్చిన కుటుంబాల్లో స్వాహిలీ వినిపిస్తుంది. బలూచీలు హిందీలో నాకంటే బాగా బేరమాడతారు. 1970 దాకా అక్కడ చెల్లింది గల్ఫ్ కోసం మన రిజర్వ్ బ్యాంకు విడిగా అచ్చేసిన రూపాయలే, ముసలివాళ్ళు కొందరు నాతో ఆ రూపాయల కబుర్లు చెప్పేవాళ్ళు. జాంజిబార్ నుంచి వచ్చిన వాళ్ళ అరబిక్‌ను లోపలి ఊళ్ళవాళ్ళు వెక్కిరించడం కూడా విన్నాను, మన శ్రీకాకుళం యాసకు విజయవాడలో జరిగే మర్యాద లాంటిదే. ఇదంతా తెలిశాక మనిషి మంచివాడైపోతాడని అనను గానీ, 'వాళ్ళంతా' అని మొదలుపెట్టి ఒక వాక్యం పూర్తి చేయడం మాత్రం కష్టమవుతుంది.

ఇప్పుడు కుర్రాళ్ళ సంగతి. నాది గవర్నమెంటు ఆసుపత్రి ఉద్యోగం, నెలకు జీతం పడేది, పాస్‌పోర్టు నా దగ్గరే ఉండేది. పలాస, కంచిలి, ఉద్దానం నుంచి వచ్చిన వెల్డర్లకు, ఫిట్టర్లకు కంపెనీ మారాలంటే పాత యజమాని ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే కాగితం, ఇవ్వాల్సి వచ్చేది, ఇవ్వకపోతే రెండేళ్ళు ఆ దేశంలో అడుగు పెట్టడానికి ఉండేది కాదు. 2021 జనవరి నుంచి ఆ షరతు తీసేశారు. అంతవరకు రక్తపరీక్షకు వచ్చిన మన పిల్లల నోట 'అరబ్బోడు చంపేస్తన్నాడమ్మా' అనే మాట ఎన్నిసార్లు విన్నానో. కూర్చోబెట్టి అడిగితే ఆ అరబ్బోడిని వాడు ఒక్కసారి కూడా చూసుండడు. జీతం ఆపింది మన దేశపు మేనేజరు, పాస్‌పోర్టు తీసి లోపల పెట్టింది మన దేశపు హెచ్‌ఆర్, వెల్డర్ అని చెప్పి హెల్పర్ వీసా చేతిలో పెట్టింది ఇక్కడి ఏజెంటు. ఒమనీ యజమానికి పాపం లేదని కాదు, ఆ చట్టం రాసింది ఆ దేశమే, దాని వల్ల సుఖపడింది ఆ యజమానే. కానీ చట్టం మీద ఉండాల్సిన కోపం జాతి మీదకు మళ్ళుతుంది, అక్కణ్ణుంచి మతం మీదకు మళ్ళుతుంది, అలాగే విమానం ఎక్కి ఊరికొచ్చి ఇక్కడ తరాలుగా మన పక్కింట్లో ఉంటున్న ముస్లిం మీద పడుతుంది. ఇది నేను మా బంధువుల్లోనే చూస్తున్నాను.

ఇంతకంటే నాకు విచిత్రంగా అనిపించే సంగతి ఇంకోటుంది. ఒమన్ ప్రభుత్వం 1988 నుంచీ ఉద్యోగాలు తమ వాళ్ళకే ఇవ్వాలని ఒమనైజేషన్ నడుపుతోంది, 2018లో అయితే 87 రకాల ఉద్యోగాలకు విదేశీయుల వీసాలు కొంతకాలం ఆపేసింది. నా కుర్చీ కూడా అలాగే పోయింది, నేను రక్తం తీయడం నేర్పిన అమ్మాయికే పోయింది. బాధ లేదంటే అబద్ధం. మన అసోసియేషన్‌లో దీని మీద రోజూ తిట్లే, 'మనం లేకపోతే వీళ్ళకు సూది పట్టుకోవడం కూడా రాదు' అని. మరుసటి ఏడాది, 2019లో, మన రాష్ట్రంలో పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలని చట్టం చేశారు. అప్పుడు అదే మనుషులు అదే వాట్సాప్ గ్రూపులో చప్పట్లు కొట్టారు. ఒకాయన రెండు మెసేజీల మధ్యా వారం కూడా తేడా లేదు. నాకు ఆ చట్టం మీద వ్యతిరేకత లేదు. విశాఖ ఉక్కు కోసం 1966లో ప్రాణాలు పోయిన ఊరు మనది, ఆ ఫ్యాక్టరీకి భూములిచ్చి, నిర్వాసితులకిచ్చే ఆర్ కార్డులు పట్టుకుని ఉద్యోగాల కోసం తిరుగుతున్న వాళ్ళ పిల్లలు ఇప్పటికీ ఉన్నారు. అలాంటి ఊరివాళ్ళకు ఒమనీ తండ్రి తన కూతురికి ఉద్యోగం అడగడం అన్యాయంగా ఎలా కనిపిస్తుంది? నేను ఈ ప్రశ్న గ్రూపులో అడిగాను, ఎవరూ జవాబివ్వలేదు, ఎవరో పండగ శుభాకాంక్షల బొమ్మ పెట్టారు.

ఒమన్ అంటే నాకంతా తీపి అనుకోకండి. గోదావరి జిల్లాల నుంచి ఇళ్ళలో పనికి వచ్చిన ఆడవాళ్ళను చూశాను, 2003 నాటి కార్మిక చట్టం వాళ్ళను అసలు లెక్కలోకే తీసుకోలేదు. సెలవు లేదు, బయటికి వెళ్ళడానికి లేదు, ఫోను ఇంటావిడ చేతిలో. దీన్ని 'వాళ్ళ పద్ధతి అంతే, మనకెందుకు' అని సర్దుకుపోయే పాత కాపులంటే నాకు ఒళ్ళు మండుతుంది, తిట్టేవాళ్ళకంటే వీళ్ళేమీ నయం కాదు. నా తోటి ఒమనీ నర్సులే కొందరు దీన్ని నాకంటే గట్టిగా తప్పుపట్టేవాళ్ళు. కొత్తగా వెళ్ళినప్పుడైతే నేను వాళ్ళను కూడా ఆ ఇంటావిడతో కలిపేసి తిట్టేదాన్నేమో.

మన ఊరికి ఇది కొత్త కథ కాదు. కంచరపాలెంలో బర్మా క్యాంపు అని పేరెందుకు వచ్చిందో పెద్దవాళ్ళకు తెలుసు. ఈ తీరం నుంచి రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్ళిన వాళ్ళు ఓడరేవులో మూటలు మోశారు, 1931 నాటికి రంగూన్ జనాభాలో సగానికి పైగా భారతీయులే. 1930 మే నెలలో తెలుగు కూలీలు సమ్మె చేస్తే వాళ్ళ బదులు బర్మా కూలీలను పెట్టుకున్నారు, సమ్మె తీరగానే వాళ్ళను పొమ్మన్నారు, ఆ గొడవ ముదిరి ఊరంతా కొట్లాటలై చాలామంది మన కూలీలు చచ్చిపోయారు. కూలి బేరం ఆడిన కంపెనీలకు ఏమీ కాలేదు, తెలుగువాళ్ళకు బర్మావాళ్ళ మీద, వాళ్ళకు మన మీద కసి మిగిలింది. తర్వాత 1942లో జపాన్ దాడి, 1962లో సైనిక పాలన, ఉన్నవాళ్ళు కట్టుబట్టలతో తిరిగొచ్చారు. వాళ్ళలో ఒక ముసలమ్మను చిన్నప్పుడు అడిగాను, ఆ దేశం ఎలాగుంటాది అని. 'ఏ ఈధి సంగతి అడుగుతున్నావే' అంది.

ఇక విశాఖలో ఉన్న బయటివాళ్ళ గురించి మా అపార్ట్‌మెంట్‌లో వినే మాట, నేవీ వాళ్ళు, రాజస్థాన్ షాపులవాళ్ళు, ఒడిశా మేస్త్రీలు ఇన్నేళ్ళున్నా తెలుగు ముక్క నేర్చుకోరని. నిజమే, నేర్చుకుంటే బాగుంటుంది. మస్కట్‌లో పాతికేళ్ళుండి 'ఎంత', 'తగ్గించు' తప్ప అరబిక్ రాని తెలుగువాళ్ళు మా అపార్ట్‌మెంట్‌లోనే ఇద్దరున్నారు, ఈ ఫిర్యాదు అందరికంటే గట్టిగా చేసేది వాళ్ళే.

మీరు చేయగలిగింది ఒకటుంది. విదేశాంగ శాఖ 2018 నుంచి గల్ఫ్ వెళ్ళే కార్మికులకు ప్రయాణానికి ముందు ఒకరోజు శిక్షణ ఇస్తోంది, అందులో చట్టం, ఇన్సూరెన్సు లాంటివి చెబుతారు, మంచిదే. దాంతోపాటు గాజువాక వైపు రిగ్గింగ్, వెల్డింగ్ నేర్పే చోట్ల తిరిగొచ్చిన వాళ్ళతో ఒక పూట మాట్లాడించండి, మీ జిల్లా పేజీలో ఆ సంస్థల ప్రకటనలు ఎలాగూ వస్తాయి, అడిగితే కాదనరు. కాఫీ కప్పు చాలనిపిస్తే అటూ ఇటూ కదిపి ఇవ్వాలని, లేకపోతే పోస్తూనే ఉంటారని, రంజాన్ నెలలో పగలు నలుగురిలో నీళ్ళు కూడా తాగకూడదని చెప్పండి. పాస్‌పోర్టు ఎవరు తీసుకున్నారో ఆ మనిషి పేరు, ఊరు రాసిపెట్టుకోమనండి, ఆ ఒక్క పనితో 'అరబ్బోడు' అనే మాట సగం తగ్గుతుంది. అక్కడ నలిగిపోయి వచ్చిన వాళ్ళను ముందు పిలవండి, నాలాంటి వాళ్ళను తర్వాత. నాకు శనివారాలు ఖాళీ, గాజువాక బస్సు మా వీధి చివరే ఆగుతుంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
సీతమ్మధార, విశాఖపట్నం