పబ్బంటే నువ్వనుకునేది కాదురా శీనూ

ఒరేయ్ శీనూ,

మొన్న ఫోన్లో "ఆదివారం పబ్బుకెళ్లాం, మీ చెల్లెలు కూడా వచ్చింది" అనగానే నువ్వు కాసేపు మాట్లాడలేదు చూడు, అప్పుడే అర్థమైంది, నీ కళ్ల ముందు జూబ్లీహిల్స్, డీజే, రంగురంగుల లైట్లు తిరుగుతున్నాయని. అందుకే ఈ ఉత్తరం. ఇక్కడ ఇంగ్లండ్‌లో పల్లెటూరి పబ్బులో అసలు పాటే లేదురా బాబూ. పొయ్యిలో కట్టెలు చిటపటలాడుతుంటాయి, మూలన ఒక ముసలాయన పేపరు తిరగేస్తుంటాడు, బల్ల కింద ఎవరిదో కుక్క గురక పెడుతుంటుంది. పిల్లలతో వచ్చినవాళ్లు, బురద బూట్లతో కొండ దిగి వచ్చినవాళ్లు, అందరూ అక్కడే.

మేం వెళ్లింది పీక్ డిస్ట్రిక్ట్ అనే కొండల ప్రాంతానికి. షెఫీల్డ్‌లో రైలెక్కితే ఓ అరగంటలో ఈడేల్ అనే చిన్న ఊరొస్తుంది. అక్కణ్ణుంచి మామ్ టార్ అనే కొండ, 517 మీటర్లు. అంటే అమ్మ కొండ అట. చరియలు విరిగిపడీ విరిగిపడీ కింద చిన్న చిన్న గుట్టలు పుట్టాయి కాబట్టి ఆ పేరు. ఎక్కేటప్పుడు నేను ఎన్నిసార్లు "అమ్మా" అన్నానో లెక్కలేదు, అది వేరే సంగతి. ఇంకో తమాషా ఏంటంటే, ఈ ఈడేల్‌లోనే పెన్నైన్ వే అనే నడకదారి మొదలవుతుంది, స్కాట్లాండ్ దాకా 268 మైళ్లు. మొదలయ్యేది ఓల్డ్ నాగ్స్ హెడ్ అనే పబ్బు దగ్గర, ముగిసేది బోర్డర్ హోటల్ దగ్గర, అక్కడా బీరు దొరుకుతుంది! మనవాళ్లు కొండెక్కితే పైన గుడి కోసం ఎక్కుతారు, వీళ్లు దిగాక దొరికేదాని కోసం ఎక్కుతారు.

అసలు రెండు వారాల ముందే ఇంకో ఊళ్లో మేమిద్దరం ఒక పబ్బుకి వెళ్లి పరువు పోగొట్టుకున్నాం. పేరొద్దులే. దర్జాగా కిటికీ పక్కన కూర్చున్నాం, మెనూ చదివాం, మళ్లీ చదివాం. ఇరవై నిమిషాలైనా ఒక్కడూ రాలేదు. మనల్ని చూసి కావాలనే రావట్లేదేమో అని లోపల మండింది కూడా. చివరికి పక్క బల్ల పెద్దాయన వంగి, ఎవరికీ వినపడకుండా, "బార్ దగ్గరికెళ్లి చెప్పాలి, టేబుల్ నంబరు కూడా చెప్పండి" అన్నాడు. పరుగెత్తాను. అప్పటికి రెండున్నర దాటింది, వంటగది మూసేశారు. చిప్స్ ప్యాకెట్లు తిని ఇంటికొచ్చాం. మీ చెల్లెలు రైల్లో నా మొహం కూడా చూడలేదు.

బార్ దగ్గర క్యూ ఉంటుందనుకున్నావా? ఉండదు. కానీ ఉంటుంది, కంటికి కనపడదు అంతే. అందరూ అలా చెదురుమదురుగా నిలబడతారు, ఎవరి తర్వాత ఎవరో లోపలున్న అమ్మాయికీ తెలుసు, వాళ్లకీ తెలుసు. పొరపాటున నిన్ను ముందు అడిగితే "ఈయన నాకంటే ముందొచ్చారు" అని నువ్వే చెప్పాలి. మన బస్టాండు టీకొట్టులోలాగా "అన్నా, రెండు టీ!" అని కేకేశావో, నీ పని అయిపోయినట్టే.

ఈసారి ఆఫీసువాళ్లిద్దరు మాతో వచ్చారు. వాళ్లు గురువారమే టేబుల్ బుక్ చేశారు, ఆదివారం రోస్ట్, అంటే కాల్చిన మాంసం, ఆలుగడ్డలతో పెట్టే భోజనం, దానికి అంత గిరాకీ. నేను గొర్రెపిల్ల మాంసం తీసుకున్నా. పైన మింట్ సాస్, అంటే వెనిగర్ పోసిన పుదీనా పచ్చడి, తియ్యగా పుల్లగా. కారం కోసం వెతక్కు, లేదు. కానీ ఆ ఆలుగడ్డలున్నాయే, పైన కరకర, లోపల వెన్న, వాటికోసం మళ్లీ వెళ్లొచ్చు. పక్కన యార్క్‌షైర్ పుడ్డింగ్. పుడ్డింగ్ అన్నారని తీపి అనుకోకు, గుడ్డూ మైదా పాలూ కలిపి సలసల కాగే కొవ్వులో పోసి పొంగించిన దొన్నె అది. గ్రేవీ అందులో పోసుకోవాలి. వెనకటికి మాంసం ఖరీదని ముందు దీన్ని పెట్టి కడుపు నింపేసేవాళ్లట. మన పెళ్లిళ్లలో ముందే పులిహోర గుట్టగా వడ్డించేవాళ్లు గుర్తొచ్చారు.

ఆఫీసాయన బీఫ్ చెప్పాడు, దానితో ఒక గిన్నెలో తెల్లగా ఏదో వచ్చింది. పెరుగుపచ్చడనుకుని చెంచాడు నోట్లో పెట్టుకున్నా. హార్స్‌రాడిష్ అట, దుంప. కొత్తావకాయ కలిపేటప్పుడు ఆవపిండి ముక్కుకెక్కుతుంది చూడు, దానికి నాలుగింతలు. కళ్లల్లో నీళ్లు. అందరూ మర్యాదగా కిటికీలోంచి బయటికి చూశారు.

మీ చెల్లెలికి నట్ రోస్ట్, గింజలూ పప్పులూ కలిపి కాల్చిన ముద్ద. శాకాహారులు వస్తే గ్రేవీ దేనితో చేశారు, ఆలుగడ్డలు ఏ కొవ్వులో వేయించారు అని అడిగి తీరాలి. చాలాచోట్ల మాంసం కొవ్వే. బీరు సంగతి ఇంకా దారుణం. పిడి పట్టుకుని లాగి పోసే ఈ కాస్క్ ఏల్‌ని, అంటే పీపా బీరుని, తేటపరచడానికి చాలామంది చేప పొట్టలోంచి తీసిన పదార్థం వాడతారు. ఆ ముక్క ఇంటికొచ్చాక చెప్పా, ముందే చెబితే షాండీ, అదే నిమ్మసోడా కలిపిన బీరు, అది కూడా ముట్టేది కాదు.

ఆ ఏల్ వేడిగా ఉంటుందని మనవాళ్లంటారు గానీ అబద్ధం. నేలమాళిగలో 12 డిగ్రీల దగ్గర ఉంచుతారు, పీపాలో ఈస్ట్ ఇంకా బతికే ఉంటుంది, తెరిచాక మూడు నాలుగు రోజుల్లో అయిపోవాలి. ఫ్యాక్టరీ బీరు దెబ్బకి ఇది మాయమైపోతోందని 1971లో కామ్రా అనే సంఘం పెట్టి మరీ పోరాడారు. బీరు కోసం ఉద్యమం! మొదటి గుక్క నాకు చేదు కషాయంలా అనిపించింది. సగం పైంటు అయ్యేసరికి సర్దుకుంది. పైంటంటే 568 మిల్లీలీటర్లు, జాగ్రత్త.

ఒక తప్పు చేశాన్రా. లేచి వెళ్లి నా ఒక్కడికే గ్లాసు తెచ్చుకుని కూర్చున్నా. ఇక్కడ ఒకడు లేస్తే బల్ల మీద అందరికీ తేవాలి, తర్వాత ఇంకొకడు. ఎవరూ ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే ఇక్కడ తిట్టు. తర్వాతి రెండు రౌండ్లు నేనే కొన్నా.

చివర్లో స్టికీ టాఫీ పుడ్డింగ్, ఇది నిజంగా తీపే, ఖర్జూరం కేకు మీద వేడివేడి పాకం. ఒకటే చెప్పి నాలుగు చెంచాలు అడిగాం, మీ చెల్లెలే ముప్పాతిక తినేసింది.

జూన్‌లో వస్తానన్నావుగా, తేదీ ఖాయమవగానే చెప్పు, టేబుల్ బుక్ చేస్తా. నీళ్లు పట్టని బూట్లు తెచ్చుకో. అమ్మగారి ఆవకాయ మర్చిపోకు, ఆ ఆలుగడ్డలతో నంజుకోవాలని ఒక ఆలోచన ఉంది.

నీ,
రాజు